మా బిల్డింగ్ కిందకి పెద్ద చైన్ వాళ్ల చిన్న స్టోరు వస్తోంది. మీటింగ్‌లో ఏం అడగాలి?

రెండో అంతస్తు:

అందరికీ నమస్కారం. మేముండేది నగరం నడిబొడ్డున, పాత బిల్డింగ్‌లో. కింద ఉన్న బ్యాంకు బ్రాంచి ఖాళీ చేసి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఆ జాగాలోకి ఒక పెద్ద చైన్ వాళ్ల చిన్న స్టోరు వస్తోందట. నగరం బయట వాళ్ల స్టోర్లలో నడిచీ నడిచీ కాళ్లు లాగుతాయి. ఇక్కడ ఉన్నది మొత్తం 2,500 చదరపు అడుగులు. అంత చిన్న చోట వాళ్లకి ఎలా గిట్టుబాటవుతుందో నాకు అంతుబట్టడం లేదు.

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగగానే కావలసినవి దొరికితే ఆవిడకి చాలా ఉపకారం, ఆ మాట నేను కాదనను. కానీ నా పడకగది కిటికీ సరిగ్గా వెనక గేటు మీదికే ఉంది. వచ్చే ఆదివారం స్టోరు తరఫు మనిషి, బిల్డింగ్ ఓనరు మా అసోసియేషన్ మీటింగ్‌కి వస్తున్నారు. మావాళ్లలో సగం మందికి ఆ రంగుల బోర్డు ఇష్టం లేదు. మిగతా సగం మంది రానిస్తే తప్పేంటి అంటున్నారు. ఇలాంటి స్టోర్ల సంగతి లోపలి నుంచి తెలిసినవాళ్లెవరైనా చెప్పగలరా?

నిద్రలేమి:

మూడేళ్లు అలాంటి స్టోరు పైన ఉన్నానండి. జనం వల్ల మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా ఫ్రీజర్ల కోసం వెనక గోడకి బిగించిన కూలింగ్ మిషన్లతోనే. రాత్రంతా ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉండేవి. మొదలైనప్పుడల్లా మంచం పక్కన గ్లాసులో నీళ్లు వణికేవి. ఎనిమిది నెలలు వెంటపడ్డాక కింద రబ్బరు దిమ్మలు వేశారు, ఆ రోజు నుంచి నిద్రపట్టింది. ఆ మిషన్లు ఏ గోడకి బిగిస్తారో డ్రాయింగ్‌లో ముందే చూపించమనండి. బిగించాక మార్పించడం చాలా కష్టం.

వెనకగది:

రెండో అంతస్తు గారూ, నేను ఇలాంటి స్టోర్లలో 11 ఏళ్లు పనిచేశాను. మొదట సరుకు దింపే షిఫ్టు, తర్వాత స్టోర్ మేనేజరు, చివర్లో ఏ స్టోరుకి ఎంత సరుకు పంపాలో చూసే టీమ్. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. బోర్డు రంగు మీద మీటింగ్ టైమంతా పోనివ్వకండి. మీరు అడగాల్సింది లారీ గురించి.

పెద్ద స్టోరుకి వెనక గోడౌన్ ఉంటుంది. రెండు రోజులు లారీ రాకపోయినా షెల్ఫులు నింపుకోవచ్చు. చిన్న స్టోరుకి ఆ వెసులుబాటు లేదు. నేను మేనేజరుగా ఉన్న స్టోరులో వెనక గది ఆరడుగులు వేస్తే అయిపోయేది. స్టాఫ్ లాకర్లు, చేతులు కడుక్కునే సింకు, చదును చేసి కట్టిన అట్టపెట్టెలు అన్నీ అందులోనే. సెంటర్‌లో అద్దె భారం కాబట్టి ప్రతి అడుగునీ అమ్మకానికే వాడతారు. సరుకు నిల్వ పెట్టే చోటు లేదు కాబట్టి అది రోజూ రావాలి, కొన్నిచోట్ల రోజుకి రెండు మూడుసార్లు రావాలి. ఈ పద్ధతిలో లారీయే గోడౌన్.

ఆ లారీ వచ్చే వేళ మీ కిటికీలోంచి ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే దింపింది నేనే. తెల్లవారుజామున నాలుగుంబావు. ముందు రివర్స్ బీప్. తర్వాత వెనక లిఫ్టు పలక నేలకి తగిలినప్పుడు ఒక పెద్ద చప్పుడు. ఆపైన మనిషి ఎత్తు జాలీ బండ్లు దిగుతాయి, వాటిని రోల్ కేజ్‌లు అంటాం. నిండుది ఒక్కోటి రెండు క్వింటాళ్లు దాటుతుంది. చిన్న గట్టి చక్రాలు, కింద పేవ్‌మెంట్ రాళ్లు. ప్రతి అతుకు దగ్గరా ఒక దెబ్బ. పదిహేను నిండువి లోపలికి, పదిహేను ఖాళీవి బయటికి. ఎక్కువ చప్పుడు ఖాళీవాటిదే! లోపల బరువు లేక జాలీ అంతా గలగలమంటుంది. ఎదురింటి మూడో అంతస్తులో రోజూ అదే టైముకి లైటు వెలిగేది. ఆ ఇంట్లో పసిపాప ఉందని నాకు ఏడాది తర్వాత తెలిసింది. తెలిసిన రోజు చాలా బాధపడ్డాను. ఆ వారమే బండ్లు నడిచే దారంతా రబ్బరు మ్యాట్లు పరిపించాను. మేనేజరు చేతిలో అంతవరకే ఉంటుంది. డెలివరీ టైము మార్చడం నా చేతిలో లేదు, రూటు వేసేది హెడ్డాఫీసు.

చప్పుడు తగ్గించడం కుదరని పనేం కాదు. నెదర్లాండ్స్‌లో పీక్ అనే పథకం ఉంది. సరుకు దింపేటప్పుడు చప్పుడు సాయంత్రం 7 నుంచి రాత్రి 11 దాకా 65 డెసిబెల్స్, రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా 60 డెసిబెల్స్ దాటకూడదు. కొలిచేది 7.5 మీటర్ల దూరం నుంచి. దానికి సరిపడా లారీలు, లిఫ్టులు, మెత్తని చక్రాల బండ్లు తయారుచేసి అమ్ముతున్నారు. 2012 ఒలింపిక్స్ సమయంలో లండన్‌లో పగలు రోడ్లు ఖాళీగా ఉంచడానికి డెలివరీలు రాత్రికి మార్చారు. అప్పుడూ చప్పుడు చేయకుండా ఎలా దింపాలో దుకాణాలకి, డ్రైవర్లకి నియమాలు రాసిచ్చారు. మీ స్టోరు మనిషి ఇదంతా అయ్యే పని కాదంటే ఈ అంకెలు ముందు పెట్టండి.

ఇక గిట్టుబాటు సంగతి. ఒక్క చిన్న స్టోరు విడిగా ఉంటే గిట్టదు, ఒక రూటులో నాలుగైదు ఉంటేనే గిట్టుతుంది. జపాన్‌లో సెవెన్-ఎలెవెన్ అనే చిన్న స్టోర్ల చైన్ మొదటి స్టోరు 1974లో టోక్యోలోని తొయోసులో తెరిచారు. అప్పటి నుంచీ వాళ్ల పద్ధతి ఒకే ప్రాంతంలో దగ్గర దగ్గరగా తెరుచుకుంటూ పోవడం. తొలిరోజుల్లో ఒక్కో స్టోరుకి రోజుకి 70 బండ్ల దాకా వచ్చేవి, ఏ సరఫరాదారు బండి వాళ్లదే. అందరి సరుకునీ ఒకచోట కలిపి, చల్లగా ఉంచాల్సినవి ఒక బండిలో, మామూలువి ఇంకో బండిలో పంపడం మొదలుపెట్టాక ఆ లెక్క సుమారు పదికి దిగింది. స్టోర్లు దగ్గరగా ఉండబట్టే అది సాధ్యమైంది.

అందుకే స్టోరు మనిషిని తప్పకుండా ఈ ప్రశ్న అడగండి: "చుట్టుపక్కల ఇంకా ఎన్ని తెరవబోతున్నారు?" జవాబు ఒక్కటే అయితే ఆ స్టోరు ఎంతకాలం ఉంటుందో అనుమానమే. అయిదు అయితే మీ వీధుల రూపురేఖలే మారతాయి.

నగరపటం:

వెనకగది గారు చెప్పింది నిజమే, కానీ లారీ దగ్గరే ఆగిపోతే అసలు విషయం తప్పిపోతుందని నా ఉద్దేశం. ఆ 2,500 అడుగులన్న లెక్క చూడండి. ఇలాంటి లెక్కలు చాలా దేశాల్లో చట్టాల నుంచే పుట్టాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994 నాటి ఆదివారపు వ్యాపార చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు, అంటే సుమారు 3,000 చదరపు అడుగులు దాటిన దుకాణం ఆదివారం ఆరు గంటలే తెరవాలి. దానికి లోపలుంటే రోజంతా తెరవొచ్చు. అక్కడి పెద్ద చైన్ల చిన్న స్టోర్లు, టెస్కో ఎక్స్‌ప్రెస్, సెయిన్స్‌బరీస్ లోకల్ లాంటివి చాలావరకు ఆ గీతకి లోపలే ఉండటం కాకతాళీయం కాదు. సరుకు మీద ధర ఎలా రాయాలో చెప్పే అక్కడి 2004 నాటి ఉత్తర్వులోనూ అదే 280. ఆ సైజు వరకు ఉన్న దుకాణాల్లో ప్యాకెట్ సరుకుకి కిలోకింత, లీటరుకింత అని విడిగా రాయాలన్న నిర్బంధం పెట్టలేదు. ఇది మీ అమ్మగారి లాంటివాళ్లకి ముఖ్యం, ఎందుకంటే చిన్న స్టోర్లలో ప్యాకెట్లు చిన్నవి, పోల్చి చూడటం కష్టం. అక్కడ అదే చైన్ పెద్ద స్టోరు కన్నా చిన్న స్టోరులో ధరలు ఎక్కువగా ఉండటం మామూలే.

ఫ్రాన్స్‌లో 1996లో 300 చదరపు మీటర్లు దాటితే ప్రత్యేక అనుమతి కావాలన్నారు, 2008లో దాన్ని 1,000కి పెంచారు. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం సైజుని కాకుండా సంఖ్యని పట్టుకుంది. ఒకే బోర్డు, ఒకే అలంకరణ, ఒకే సరుకుతో పదకొండు, ఆపైన బ్రాంచీలు ఉన్న వ్యాపారాన్ని చైన్ కింద లెక్కగట్టి 2004 నుంచి ఆంక్షలు పెట్టారు. 2006లో ప్రజలు ఓటేసి, పేటల్లోని వ్యాపార వీధుల్లో అలాంటి ప్రతి దుకాణానికీ విడిగా విచారణ జరగాలన్నారు. ఇరుగుపొరుగు వచ్చి మాట్లాడే అవకాశం అక్కడ చట్టంలోనే ఉంది. మీ నగరంలో గీత ఎక్కడ గీశారో కనుక్కోండి. గీత లోపల ఉన్న స్టోరుకి అనుమతి అడగాల్సిన పనే ఉండకపోవచ్చు. అప్పుడు మీ బలమంతా ఓనరు రాసే లీజులోనే.

రెండో అంతస్తు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. కిటికీ సంగతి ఒక్కటే అనుకుని వచ్చాను, లీజు సంగతి నాకు తట్టనే లేదు. ఇంకొక్కటి చెప్పండి, వెనకగది గారూ. వీధిలో సొంతంగా చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్లు ఏమైపోతారు? మా మీటింగ్‌లో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు.

వెనకగది:

మంచి ప్రశ్న అడిగారు. నగరపటం గారి మాటతో నాకు పేచీ లేదు. లీజు గురించి ఆయన చెప్పింది నేనే మొదట రాసి ఉండాల్సింది.

దుకాణాల సంగతి నేను చూసిందే చెబుతాను. చిన్న స్టోరులో ఏ షెల్ఫులో ఏ వస్తువు, ఎన్ని వరసలు అన్నది పైనుంచి పటంలా గీసి పంపుతారు. మా స్టోరులో మూడు వేల రకాలకి మించి పట్టేవి కావు. వారానికి రెండే అమ్ముడుపోయే వస్తువుకి కొక్కెం కూడా దొరకదు. చెవి మిషన్ పెట్టుకునే ఒక పెద్దాయన రోజూ వచ్చేవారు. దానికి వేసే గుండీ అంత బ్యాటరీలు తెప్పించమని అడిగారు. నేను సిస్టమ్‌లో ఎనిమిదిసార్లు రిక్వెస్టు పెట్టాను. ఎనిమిదిసార్లూ "అమ్మకం తక్కువ" అని వెనక్కి వచ్చింది. ఆయన మిగతావన్నీ మా దగ్గర కొని, బ్యాటరీ కోసం పక్క వీధి దుకాణానికి వెళ్లేవారు. ఆ దుకాణం నడిపే ఆవిడ ఆయన ఒక్కడి కోసం ఒక అట్ట తెప్పించి డ్రాయరులో పెట్టేది. మేము వచ్చిన రెండో ఏడు ఆవిడ దుకాణం మూసేసింది. మర్నాడు ఆయన వచ్చి నన్నే అడిగారు. నా దగ్గర లేవు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆయన చెయ్యి చాపిన తీరు కళ్లముందు కదులుతోంది.

ఇంకో ప్రమాదం, చైన్ కూడా వెళ్లిపోవడం. వాల్‌మార్ట్ 2011లో ఎక్స్‌ప్రెస్ పేరుతో 12 నుంచి 15 వేల చదరపు అడుగుల స్టోర్లు మొదలుపెట్టింది. 2016 జనవరిలో ఉన్న 102 స్టోర్లూ మూసేస్తున్నామని ప్రకటించింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఓరియంటల్ అనే చిన్న ఊళ్లో, వాల్‌మార్ట్ వచ్చాక పాత సరుకుల దుకాణం మూతపడింది. ఆ తర్వాత వాల్‌మార్టూ వెళ్లిపోయింది. నగరం నడిబొడ్డున అంత కష్టం రాకపోవచ్చు. కానీ మీ అమ్మగారు మెట్లు దిగి వెళ్లే దుకాణం ఏదో ఒకటి ఎప్పుడూ ఉండాలి కదా.

అందుకని ఓనరుతో రెండు మాటలు లీజులో రాయించడానికి ప్రయత్నించండి. డెలివరీ వేళలు, కూలింగ్ మిషన్ల చోటు అందులో ఉండాలి. నోటిమాట పనికిరాదు, మేనేజర్లు ఏడాదికొకరు మారతారు. రెండోది, స్టోరు మూసేశాక లీజు మిగిలి ఉందని జాగాని తాళం వేసి ఉంచకూడదు. పోటీవాడు రాకూడదని అలా ఉంచడం నేను కళ్లారా చూశాను. పక్క దుకాణాలవాళ్లని మీరే పిలిచి ఆదివారం మీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు ఏమేం అమ్ముతారో స్టోరు మనిషి ముందు చెప్పించండి. కొన్ని రకాలు పెట్టకుండా ఉండటానికి మేనేజరు ఒప్పుకోలేడు గానీ, హెడ్డాఫీసు నుంచి వచ్చిన మనిషి ఒప్పుకోవచ్చు. మా దగ్గర ఒకసారి అలా ఒప్పుకున్నారు.

ఆదివారం లోపు ఒక పని చేయండి. మీ కిటికీ నుంచి లారీ ఆగే చోటు దాకా టేపు పెట్టి కొలవండి. నెదర్లాండ్స్‌లో చప్పుడు కొలిచే ఆ ఏడున్నర మీటర్లకన్నా తక్కువైతే, కొలత కాగితం మీద రాసి మీతో తీసుకెళ్లండి. ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.