ఓటీటీ చందాలు కడుతూ పోవాలా, కావలసిన సినిమాలు సొంతంగా సమకూర్చుకోవాలా?

ప్రశ్న: సత్యనారాయణపురం, విజయవాడ

మా ఇంట్లో అమ్మానాన్నలకు పాత పౌరాణికాలు, జానపదాలు కావాలి. పిల్లలకు కార్టూన్ చిత్రాలు కావాలి. మా దంపతులకు కొత్తగా వచ్చే తెలుగు, మలయాళ చిత్రాల మీద ఆసక్తి. ఈ అవసరాలన్నీ ఒక్క వేదిక తీర్చలేకపోవడంతో ఒకదాని వెనుక ఒకటిగా చందాలు చేరాయి. ఇప్పుడు ఏడాదికి లెక్క వేసుకుంటే ఆ మొత్తం మా ఇంటర్నెట్ బిల్లును దాటిపోతోంది.

ధరలు ఎలా మారాయో గమనిస్తూనే ఉన్నాను. అమెజాన్ ప్రైమ్ వార్షిక చందా 999 రూపాయలుగా ఉన్నది 2021 డిసెంబరులో 1,499 అయింది. 2025 జూన్ నుంచి అదే చందా కట్టినవారికి సినిమా మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699 రూపాయలు కట్టాలని అప్పుడు ప్రకటించారు. జియోసినిమా 2024 ఏప్రిల్‌లో నెలకు 29 రూపాయల ప్లాన్ తెచ్చింది. 2025 ఫిబ్రవరి 14న అది హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక ఆ ధర మళ్లీ కనిపించలేదు.

ధర ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లం. మా నాన్నగారు తరచుగా చూసే ఒక పాత పౌరాణిక చిత్రం మేం చందా కట్టిన చోటు నుంచి చెప్పాపెట్టకుండా మాయమైంది. యూట్యూబులో వెతికితే దొరికింది కానీ, అందులో పద్యాలు కత్తిరించి ఉన్నాయి. పాత చతురస్రపు దృశ్యాన్ని నేటి వెడల్పు టీవీకి సరిపెట్టడం కోసం పైనా కిందా కోసేయడంతో కిరీటాలు సగమే కనిపిస్తున్నాయి. ఆయన కాసేపు చూసి, కట్టేయమన్నారు.

అందుకే అడుగుతున్నాను. ఇంట్లో అందరూ పదేపదే చూసే చిత్రాలనైనా డిస్కుల రూపంలోనో, మరో రూపంలోనో చట్టబద్ధంగా సొంతం చేసుకునే మార్గం ఈనాటికీ ఉందా? ఉంటే, ఖర్చు పరంగా అది నిలుస్తుందా? సొంత అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో ఉపకారం.

సమాధానం: గాంధీనగర్, విజయవాడ

నమస్కారం. నేను చాలా ఏళ్లు గాంధీనగర్‌లోని ఒక డిస్ట్రిబ్యూషన్ కార్యాలయంలో పనిచేశాను. ఈ వీధుల నుంచి సినిమా పెట్టెలు కోస్తా జిల్లాల హాళ్లకు బయలుదేరిన రోజులు చూసినవాణ్ణి కనుక, ప్రింటు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. మీ నాన్నగారు టీవీ ఎందుకు కట్టేయమన్నారో నాకు బాగా అర్థమైంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మళ్లీ మళ్లీ చూసే చిత్రం ఇంట్లో ఉండవలసిందే. అయితే తెలుగులో ఆ అవకాశం ఏ కాలపు చిత్రాలకు మిగిలి ఉందో ముందుగా తెలుసుకోవాలి.

మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టిన రోజుల్లో కిరాణా దుకాణాల్లో కూడా సినిమా డిస్కులు వేలాడేవి. ఆ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి మూసివేసే దశకు, వెళ్లింది. అప్పటికే జనం ఫోన్లలో చూడడానికి అలవాటు పడ్డారు. ఇప్పుడు పాత చిత్రాల డిస్కులు మిగిలిపోయిన స్టాకుగానో, వాడినవిగానో దొరుకుతాయి. కొత్త తెలుగు చిత్రాలు మన దగ్గర డిస్కులుగా రావడం దాదాపు ఆగిపోయింది. బాహుబలి, ఆర్ఆర్ఆర్ చిత్రాలకు జపాన్‌లో బ్లూరేలు (డీవీడీ కన్నా స్పష్టంగా కనిపించే డిస్కులు) వచ్చాయి కదా అని తెప్పించుకునే ముందు ఒకటి గమనించాలి. బ్లూరేల విషయంలో జపాన్ ‘ఎ’ ప్రాంతం, భారతదేశం ‘సి’ ప్రాంతం. ప్రాంతపు కట్టడి ఉన్న డిస్కు మన ప్లేయరులో ఆడదు.

పాతవి కొనేటప్పుడు వీసీడీ, డీవీడీ రెండూ ఉంటే డీవీడీయే తీసుకోండి. వీసీడీలో దృశ్యం 352 బై 288 చుక్కలు మాత్రమే, డీవీడీలో 720 బై 576. పాత చిన్న టీవీలో అంతగా తెలియని ఈ తేడా ఇప్పటి పెద్ద తెర మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

చిత్రం పూర్తిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది, దీన్ని తప్పక పాటించమని కోరుతున్నాను. సినిమా మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ దగ్గర డిస్కు ఆపి, నిడివి ఎంత రాశారో చూడండి. అడుగుల్లో ఉంటే 90తో, మీటర్లలో ఉంటే 27.4తో భాగిస్తే అది హాలులో ఎన్ని నిమిషాలు ఆడిందో వస్తుంది. ఉదాహరణకు 4,900 మీటర్లంటే సుమారు 179 నిమిషాలు. డిస్కు మీద 150 నిమిషాలే ఉంటే పాటలో, పద్యాలో పోయినట్టే. అయితే మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో తయారైన డిస్కుల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు కాబట్టి, ఏ కోతా లేకపోయినా ఆ 179 నిమిషాలు 172 దగ్గరికి తగ్గుతాయి. అంతవరకు తేడా ఉంటే కంగారుపడనక్కరలేదు. యూట్యూబు ప్రతులకు కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చు. ఒక్కోసారి హక్కులున్న పాత వీడియో సంస్థల ఛానెళ్లలోనే ఒకే చిత్రానికి రెండు మూడు ప్రతులు ఉంటాయి, వాటిలో ఒకటి పూర్తి నిడివిదై ఉంటుంది.

సమాధానం: బ్రాడీపేట, గుంటూరు

చట్టబద్ధంగా అని మీరు ప్రత్యేకంగా అడిగారు కనుక, న్యాయవాద వృత్తిలో ఉన్నవాడిగా ఆ భాగం వరకు చెబుతాను.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ‘కొనుక్కున్న’ సినిమా మీ సొత్తు కాదు, అది చూసుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ వేదిక, తన వినియోగదారులు డబ్బిచ్చి కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలను వారి ఖాతాల నుంచి తీసేస్తామని ప్రకటించింది. కొత్త ఒప్పందం కుదిరాక ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది కానీ, తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసివచ్చింది. అది కేవలం లైసెన్సు అన్న సంగతి కొనేవారికి ముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి శాశ్వతంగా ఉండాలనుకునే చిత్రాలను ఏదో ఒక ఖాతాలో ‘కొని’ నిశ్చింతగా ఉండవద్దు. డిస్కు సంగతి వేరు. డబ్బిచ్చి తెచ్చుకున్న డిస్కును మీ ఇంటికి వచ్చి ఎవరూ పట్టుకుపోలేరు.

డిస్కు నుంచి కంప్యూటరులోకి ప్రతి తీసుకోవచ్చా అన్నది మీకు తప్పక వచ్చే సందేహం. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్, వ్యక్తిగత వాడకం కోసం సముచితమైన రీతిలో చేసే పనులను ఉల్లంఘనగా లెక్కించదు. 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ రక్షణను (ప్రతి తీయకుండా డిస్కుకు వేసే తాళం వంటిదాన్ని) ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. రెండూ కలిపి చదివితే ఉద్దేశానికి ఎంత ప్రాధాన్యం ఉందో తెలుస్తుంది. ఒరిజినల్ డిస్కు మీ దగ్గరే ఉంచుకొని, ప్రతిని ఇల్లు దాటించకుండా ఉండడం ఈ విషయంలో కనీస జాగ్రత్త. బంధువులకు కూడా ఇవ్వకండి.

పాత చిత్రాలకు మరో వెసులుబాటు ఉంది. మన దేశంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1965కు ముందు విడుదలైన చిత్రాలకు ఆ గడువు ముగిసింది. పాటల సాహిత్యానికీ, సంగీతానికీ మాత్రం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లన్న వేరే లెక్క వర్తిస్తుంది కనుక, ఈ వెసులుబాటును ఇతరులకు పంచిపెట్టే హక్కుగా భావించవద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. హార్డ్ డిస్క్ తీసుకెళితే వందల సినిమాలు నింపి ఇచ్చే దుకాణాలు మన రెండు ఊళ్లలోనూ ఉండేవి. ఆ దారి సొంతం చేసుకోవడం కిందికి రాదు.

సమాధానం: సింగ్‌నగర్, విజయవాడ

పైవారు చెప్పినవన్నీ నిజమే. అయితే సేకరించడం సగం పనే, దాన్ని కాపాడుకోవడం మిగతా సగం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా ఇళ్లలోకి వచ్చినప్పుడు కింది అరల్లో ఉన్న మా డిస్కులన్నీ బురదలో మునిగిపోయాయి. డిస్కును కడిగితే చాలావరకు బాగానే ఆడుతుంది. లోపలి కాగితాలు, అట్టలు, వాటి మీది వివరాలు మాత్రం దక్కలేదు. అదే గదిలో కింద పెట్టిన హార్డ్ డిస్క్ మళ్లీ పనిచేయలేదు.

అందువల్ల ఒకే చోట, ఒకే రూపంలో ఉంచుకోవద్దని మనసారా చెబుతున్నాను. డిస్కులను ఛాతీ ఎత్తుకు పైన, గోడకు ఆనని బీరువాలో నిలువుగా పెట్టండి. మన ఊళ్ల ఉక్కకూ తేమకూ డిస్కు మీద బూజు పడుతుంది. వానకాలం వెళ్లాక ఒకసారి బయటికి తీసి, మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కు దశాబ్దాలు నిలుస్తుంది కానీ, ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్కులోని రంగు పూత ఎండకూ వేడికీ ముందుగానే పాడవుతుంది. అటువంటివి ఉంటే వాటిలోని సమాచారాన్ని ముందు కాపాడుకోండి.

డీవీడీలో పట్టేది ఒక పొరకు 4.7 జీబీ, రెండు పొరలకు 8.5 జీబీ. అంటే ఒక టీబీ హార్డ్ డిస్కులో వందకు పైగా డీవీడీలు ఏమాత్రం కుదించకుండానే పడతాయి. హార్డ్ డిస్క్ కూడా ఏదో ఒక రోజు ఆగిపోయే యంత్రమే కాబట్టి రెండు ఉంచుకోండి. న్యాయవాది గారు ప్రతిని ఇల్లు దాటించవద్దన్నారు, అందుకే మేం రెండోదాన్ని మేడ మీద గదిలో, తేమ పట్టని డబ్బాలో పెట్టాం. జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పాత కంప్యూటరులో వేసుకుంటే, ఓటీటీలో మాదిరిగానే బొమ్మలతో సహా చిత్రాల వరుస ఇంట్లోని టీవీ మీద కనిపిస్తుంది. ఇంటర్నెట్ పోయినా ఆడుతుంది. పెద్దవాళ్లకు ఇది చాలా సౌకర్యం, ఎందుకంటే రిమోట్‌తో రెండు మీటలు నొక్కితే సరిపోతుంది.

సమాధానం: లక్ష్మీపురం, గుంటూరు

నేను కొంత విభేదిస్తాను. చందాలు పెరుగుతూనే ఉంటాయన్న మాట పూర్తిగా సరికాదు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించింది. 499 రూపాయల బేసిక్ ప్లాన్ 199కి, 799 రూపాయల ప్రీమియం ప్లాన్ 649కి వచ్చాయి. అసలు ఇబ్బంది ధర కన్నా అన్నిటినీ ఏడాది పొడవునా ఒకేసారి నడపడంలో ఉంది. నెలవారీ ప్లాన్ ఉన్న వేదికలను వంతులవారీగా తీసుకుంటే, ఒక్కో నెల ఒక్కదానికే కట్టి అందులో కావలసినవి చూసేయవచ్చు. ఆటో పే తీసేయడం మరచిపోకూడదు. ఫోన్ రీఛార్జితో, ఇంటి ఇంటర్నెట్‌తో కలిపి ఏ ఓటీటీ వస్తోందో చూడండి. ఉచితంగా వస్తున్నదానికే విడిగా చందా కడుతున్న కుటుంబాలు నాకు చాలా తెలుసు.

పిల్లల చిత్రాలనూ, ఒకసారి చూసి వదిలేసే కొత్తవాటినీ కొనడం వృథా. డిస్కు ఖర్చు, ప్లేయరు, హార్డ్ డిస్కులు, వాటి వెనుక పెట్టే సమయం కలిపితే సేకరణ చౌక అని నేను ఒప్పుకోను.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. లక్ష్మీపురం వారు చెప్పినట్టు చూస్తే, మా ఇంటర్నెట్ ప్లానులోనే ఒక ఓటీటీ కలిసి ఉందని తేలింది. దాని చందా ఆపేస్తున్నాం. కొత్త చిత్రాలకు వంతుల పద్ధతి పాటిస్తాం. అమ్మానాన్నలు చూసే చిత్రాలకు మాత్రం ఖర్చు లెక్క పెట్టుకోదలచుకోలేదు. నాన్నగారి చేత ఒక జాబితా రాయించాను, వాటి డీవీడీల కోసం వెతకడం మొదలుపెడతాం. సెన్సారు సర్టిఫికెట్ లెక్క ఆయనకు ఎంతో నచ్చింది. ఇప్పటికే యూట్యూబు ప్రతులను ఒక్కొక్కటిగా కొలుస్తున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. మా టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు రంగుల పాత సాకెట్లు లేవు. డీవీడీ ప్లేయరు ఎలా కలపాలి?

సమాధానం: గాంధీనగర్, విజయవాడ

హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్న డీవీడీ ప్లేయరు తీసుకోండి, ఒక్క వైరుతో బొమ్మా శబ్దం రెండూ టీవీకి వెళతాయి. దాదాపు అటువంటివన్నీ వీసీడీలను కూడా ఆడిస్తాయి కనుక, డీవీడీ దొరకని చిత్రానికి వీసీడీ అయినా పనికొస్తుంది. కలిపిన తర్వాత టీవీ సెట్టింగుల్లో దృశ్యపు కొలతను 4:3కి మార్చండి. పక్కల నల్లటి పట్టీలు వస్తాయి, అవి ఉండాలి. వాటిని పోగొట్టడానికి సాగదీస్తే మనుషులు లావుగా కనబడతారు, జూమ్ చేస్తే మీరు చెప్పినట్టు కిరీటాలు తెగిపోతాయి. వాడిన ప్లేయరు కొంటున్నట్టయితే, జాబితాలోని డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లి, రెండో సగం వరకు నడిపించి చూశాకే డబ్బివ్వండి. లెన్సు అరిగిన యంత్రాలు డిస్కు మొదటి భాగం బాగానే చదివి, చివరికి వచ్చేసరికి ఆగిపోతుంటాయి.