కంపెనీ టీడీఎస్ (చెల్లింపులోనే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసింది, 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమైన పన్ను చూపే పట్టిక) మాత్రం లేదు. క్లెయిమ్ చేయవచ్చా?

ఫ్రీలాన్స్ కన్సల్టింగ్ పని, 2024-25 ఆర్థిక సంవత్సరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలకు ₹80,000 ఇన్వాయిస్. ఆదాయపు పన్ను చట్టంలో వృత్తి సేవల ఫీజులకు వర్తించే సెక్షన్ 194జే కింద 10 శాతం పట్టుకుని ₹72,000 చొప్పున ఖాతాలో వేశారు. అంటే ₹24,000 టీడీఎస్. 26ఏఎస్‌లోనూ, ఏఐఎస్ (వార్షిక సమాచార పట్టిక)లోనూ ఆ త్రైమాసికం ఖాళీ. అదే కంపెనీవి మిగతా త్రైమాసికాలు సరిగ్గానే ఉన్నాయి.

ఇన్వాయిస్‌లో పాన్ సరిచూశాను, తప్పు లేదు. అకౌంట్స్ వాళ్లను అడిగితే "కట్టేశాం కదండీ" అని చలానా పంపారు. చలానా మీద ఉండేది వాళ్ల టాన్ (పన్ను కోసేవాళ్ల నంబరు) మాత్రమే. అందులో నా వాటా ఉందని అది చెప్పదు. 26క్యూలో (కంపెనీ ప్రతి త్రైమాసికానికీ వేసే టీడీఎస్ రిటర్న్) నా పాన్ వరుస వదిలేశారో, ఒక అక్షరం తప్పు కొట్టారో తెలియదు. ఏదైనా సరే, టీడీఎస్ పోర్టల్ ట్రేసెస్‌లో కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాల్సింది వాళ్లే. ఫిబ్రవరి 15 నాటికి రావాల్సిన ఫారం 16ఏ (టీడీఎస్ సర్టిఫికెట్) అడిగినా ఇవ్వలేదు, ఇప్పుడు మెయిల్‌కు జవాబే లేదు.

నా రిటర్న్ ఐటీఆర్-4లో వాళ్ల టాన్ వేసి క్లెయిమ్ చేస్తే, 26ఏఎస్‌తో సరిపోలక సెక్షన్ 143(1) కింద (రిటర్న్ ప్రాసెసింగ్‌లో) పన్ను కట్టమని డిమాండ్ రావచ్చు. కోసిన పన్నును మళ్లీ మన దగ్గర అడగకూడదని సెక్షన్ 205 చెబుతోంది. అలాంటి డిమాండ్‌ను బలవంతంగా వసూలు చేయొద్దని 2015లో సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) కూడా ఆదేశించింది. కానీ డిమాండ్ పోర్టల్‌లో అలాగే ఉండిపోతే తర్వాతి రీఫండ్లకు అడ్డుపడుతుంది, నా భయం అదే.

ఇన్వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఆధారాలతోనే ఇలాంటి డిమాండ్‌ను పూర్తిగా తీయించుకున్నవాళ్లు ఏ దారిలో వెళ్లారు: ఆన్‌లైన్ రెక్టిఫికేషన్ (పొరపాటు దిద్దమని కోరడం) ద్వారానా, మన వార్డు అసెసింగ్ ఆఫీసర్‌కు అర్జీయా?