కోల్ పామర్ ఆటలో ఇంత మార్పు ఎలా వచ్చింది?

చిన్నప్పటి నుంచి మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ అకాడమీలో పెరిగిన ఇంగ్లండ్ ఆటగాడు కోల్ పామర్, 2023 ఆగస్టులో కమ్యూనిటీ షీల్డ్‌లో ఆర్సెనల్‌పైనా, సూపర్ కప్‌లో సెవియాపైనా గోల్స్ కొట్టాడు. అయినా సెప్టెంబరు 1న చెల్సీ క్లబ్‌కి వెళ్లిపోయాడు. ఆ సీజన్‌లోనే ప్రీమియర్ లీగ్‌లో 22 గోల్స్! వాటిలో 9 పెనాల్టీలే అనుకున్నా, మిగతావి తక్కువేమీ కాదు. 2024 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కాసేపటికే, పెనాల్టీ ప్రాంతం బయటి నుంచి ఎడమ కాలితో బంతిని నేలబారుగా మూలకు పంపిన తీరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

చెల్సీలో ఎక్కువసేపు ఆడే అవకాశం దొరకడమే దీనికి కారణమా, లేక మైదానంలో అప్పటి చెల్సీ కోచ్ పోచెట్టినో ఇచ్చిన స్వేచ్ఛా? రెండు జట్లలోనూ అతడి ఆటను గమనించినవారు దయచేసి వివరించండి. పోల్చి చూడటానికి ఏ మ్యాచ్‌లు పూర్తిగా చూడాలో కూడా చెప్పగలరా?