కైట్‌బోర్డ్ అంచు విచ్చుకుంది, ఇంట్లో ఎపాక్సీతో అతికిస్తే నిలబడుతుందా?

కొత్తగా_ఎగిరినోడు: అన్నలూ, గాలిపటం లాగుతుంటే నీళ్ళ మీద జారే నా ట్విన్‌టిప్ (రెండు కొనలూ ఒకేలా ఉండే) బోర్డు రాయికి కొట్టుకుని మడమ వైపు అంచు విచ్చుకుంది. జానెడు పొడవు, గోరు దూరేంత సందు. లోపల చెక్క కోర్, చుట్టూ నల్ల ఏబీఎస్ ప్లాస్టిక్ పట్టీ. ఇంట్లో ఐదు నిమిషాల్లో బిగుసుకునే ఎపాక్సీ జిగురు ట్యూబులున్నాయి, అది కూరేసి పైన ఫిల్లర్ పూసి సాండ్‌పేపర్ కొడితే చాలా?

బంకరాజు: చాలు తమ్ముడూ. మూడు బోర్డులకి చేశా ఇలాగే. పల్చటి కత్తితో సందులోకి తొయ్యి, క్లాంప్ పెట్టు, పొద్దున్నే గీకెయ్. రిపేర్ వాళ్ళకి మాత్రం ఇవ్వకు, నాది ఒకాయన రెండు నెలలు గోడకి ఆనించి ఉంచి చివరికి నేను ఇంట్లో చేసే పనే చేసిచ్చాడు, గాలి సీజనంతా ఒడ్డున కూచున్నా.

ఉప్పునీళ్ళు: చాలదు. ఏ జిగురు అన్నది తర్వాత, ముందు లోపల తడి ఉందో లేదో చూడు. సందు దగ్గర బొటనవేలితో నొక్కు, నీళ్ళు చిమ్మినా బుడగలొచ్చినా చెక్క తాగేసినట్టే. మంచినీళ్ళతో లోపలికంటా కడుగు, ఉప్పు ఉండిపోతే గాల్లో తేమ లాక్కుంటూనే ఉంటుంది. తర్వాత సందు కిందికి వచ్చేలా నిలబెట్టి ఫ్యాన్ ముందు ఆరబెట్టు, ఒక్క రోజుతో అయ్యే పని కాదు. ఇక ఆ ఐదు నిమిషాల రకం లోపలికి పాకేలోపే బిగుసుకుంటుంది, నీళ్ళలో నానితే పట్టు కూడా తగ్గుతుంది. నిదానంగా గట్టిపడే లామినేటింగ్ ఎపాక్సీ, పల్చటి రకం, తీసుకో. బోర్డుని గోరువెచ్చగా చేసి పూస్తే చల్లారేటప్పుడు లోపలి గాలి కుంచించుకుని జిగురుని అదే లోపలికి లాక్కుంటుంది.

అలలబ్బాయ్: హార్డెనర్ (జిగురులో కలిపే రెండో భాగం) కాస్త ఎక్కువేస్తే తొందరగా గట్టిపడదా

ఉప్పునీళ్ళు: పడదు. పాలిస్టర్ రెజిన్‌లో కుదురుతుంది ఆ లెక్క. ఎపాక్సీలో రెండూ కొలత ప్రకారం కలిస్తేనే గట్టిపడేది, ఎక్కువైంది జిగటగా మిగిలిపోతుంది.

బంకరాజు: ఐదు నిమిషాలది నానితే పట్టు తగ్గుతుందంట! నా బోర్డు రెండు సీజన్లు ఉప్పునీళ్ళలోనే తిరిగింది సార్. ఏం కాలేదు.

ఉప్పునీళ్ళు: జిగురు ఒక్కటే కాదు నేను చెప్పేది. ఫిల్లర్ గుంత నింపుతుంది అంతే, బరువు మోసేది గ్లాస్ క్లాత్, అంటే గాజు పీచు గుడ్డ. దూకి దిగిన ప్రతిసారీ బోర్డు వంగుతుంది, ఫిల్లర్ వంగదు, కాబట్టి దాని అంచునే మళ్ళీ పగులుతుంది. పై పొర తెగి ఉంటే చుట్టూ ఏటవాలుగా గీకి క్లాత్ వెయ్యాల్సిందే. ఏబీఎస్‌ని గరుకు చెయ్యకపోతే ఎపాక్సీ పెచ్చులా ఊడొస్తుంది.

బంకరాజు: మళ్ళీ అదే పాట. రెండు సీజన్లు అన్నాను, రెండు. ఐదు నిమిషాలదే.

ఉప్పునీళ్ళు: ఆ బోర్డు ఇప్పుడెక్కడుంది?

బంకరాజు: అమ్మేశా. ఎందుకు?

ఉప్పునీళ్ళు: అతికించిన సంగతి చెప్పారా కొన్నవాళ్ళకి?

బంకరాజు: అడగలేదు వాళ్ళు. పైన పెయింట్ వేశాక నాకే కనపడలేదు ఎక్కడ చేశానో.

ఉప్పునీళ్ళు: అదీ సంగతి. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బోర్డుకి కాలి స్ట్రాప్ స్క్రూ పట్టే ఇన్సర్ట్ ఊడొచ్చింది, గాల్లోంచి దిగుతుండగా. ఒక కాలు స్ట్రాప్‌లో, ఒకటి బయట, చీలమండ తిరిగిపోయి ఆరు వారాలు మంచం మీద. చూస్తే ఇన్సర్ట్ చుట్టూ తెల్లటి మైక్రోబెలూన్ (సన్నటి డొల్ల గోళాల తేలికపాటి పొడి) ముద్ద, గోరుతో గీకితే సుద్దలా రాలింది. అక్కడ వెయ్యాల్సింది సిలికా పొడి, గ్లాస్ పీచు కలిపిన ఎపాక్సీ. పైన మాత్రం పెయింట్ అద్దంలా ఉంది. మీరు ఇంట్లో ఏం పూసుకుంటారో నాకనవసరం, పూసింది దాచి ఇంకొకడి కాళ్ళ కింద పెట్టడం దగ్గరే నాకు మండుతుంది.

బంకరాజు: మీ బోర్డు నేనమ్మలేదు కదా! ఎవడో చేసినదానికి నన్ను నిలబెడతారేంటి? నేను ఇన్సర్ట్‌ల జోలికి ఎప్పుడూ పోలేదు. పైగా సెకండ్‌హ్యాండ్ అంటేనే చూసుకుని కొనుక్కోవాలి.

తెరచాప: పెయింట్ కింద ఏముందో ఎలా చూసుకోవాలి బాసూ, ఎక్స్‌రే తీయించా?

అలలబ్బాయ్: నాణెంతో తట్టి చూడండి, డొల్లగా ఉన్నచోట చప్పుడు మారుతుంది. పూర్తిగా కాకపోయినా కొంత తెలుస్తుంది

కొత్తగా_ఎగిరినోడు: నొక్కితే గోధుమరంగు నీళ్ళు కారాయి. ఇంకో సంగతి, నాదీ సెకండ్‌హ్యాండే. సందు పక్కన నల్లరంగు గీకితే కింద తెల్ల ముద్ద ఉంది.

ఉప్పునీళ్ళు: మొత్తం తవ్వి తీసెయ్. మాస్క్ పెట్టుకో, గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గట్టి చెక్క తగిలేదాకా ఆగకు. నల్లబడి మెత్తగా ఉంటే ఫొటో పెట్టు.

బంకరాజు: క్లాంప్ మరీ బిగించకు తమ్ముడూ, జిగురంతా బయటికొచ్చేస్తుంది. మధ్యలో పాలిథిన్ కవర్ పెట్టు, లేకపోతే క్లాంప్ కూడా బోర్డుకే అంటుకుంటుంది. నాకు అంటుకుంది ఒకసారి.