కేమెలాప్స్‌కు మూపురం ఉండేదా?

ప్రశ్న:
ఉత్తర అమెరికాలో మంచుయుగం నాటి ఒంటె కేమెలాప్స్ గురించి చదువుతున్నాను. ఒక బొమ్మలో మూపురం ఉంది, ఇంకో బొమ్మలో లేదు. ఇది ఒంటెకు దగ్గరా, లామాకు (దక్షిణ అమెరికాలో ఉండే, మూపురం లేని ఒంటె జాతి జంతువు) దగ్గరా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

జవాబు 1:
లామాకే దగ్గర. ఎముకల పోలికను బట్టి అలాగే వర్గీకరించారు.

జవాబు 2:
అది పాత మాటండీ. కెనడాలోని యూకాన్‌లో బంగారు గనుల తవ్వకాల్లో బయటపడ్డ కేమెలాప్స్ ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి 2015లో ఫలితాలు ప్రకటించారు. లామాల కంటే ఆసియా, ఆఫ్రికా ఒంటెలకే ఇది దగ్గరి చుట్టమని తేలింది. రూపం చూసి వేసిన లెక్కను డీఎన్‌ఏ ఇలా తిరగరాయడం నాకు భలే ఇష్టం.

ఇక మూపురం సంగతి. అది కొవ్వు ముద్ద, లోపల ఎముక ఉండదు, కాబట్టి శిలాజంలో దాని జాడ మిగలదు. బొమ్మలు గీసేవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు గీస్తున్నారు. నన్నడిగితే మూపురంతోనే గీయాలి. దానికి కారణం కేమెలాప్స్ కాదు, ఇంకా పాతదైన మరో ఒంటె. కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో సుమారు 35 లక్షల ఏళ్ళ నాటి కాలి ఎముక దొరికింది, అదీ 30 దాకా ముక్కలుగా. అందులో మిగిలిన కొలాజెన్‌ను (ఎముకలో ఉండే ఒక ప్రోటీన్) పరీక్షించి ఒంటెదేనని 2013లో చెప్పారు. ఇప్పటి ఒంటెల కంటే దాదాపు 30 శాతం పెద్దది! అప్పుడక్కడ అడవి ఉండేది, చలికాలమంతా చీకటి, మంచు. కొవ్వు నిలవ, మంచులో కూరుకుపోని వెడల్పాటి పాదం, మసక వెలుగులో చూసే పెద్ద కళ్ళు: ఎడారి కోసమే వచ్చాయని మనం అనుకునే ఈ లక్షణాలు ముందు చలిలోనే పనికొచ్చి ఉంటాయని ఆ పరిశోధకుల ఊహ. నాకూ అది సబబుగానే తోస్తుంది. ఒంటెల కుటుంబం పుట్టిందే ఉత్తర అమెరికాలో కదా. అప్పట్లో అమెరికాను ఆసియాతో కలిపిన బేరింగ్ భూమార్గం దాటి ఆసియాకు వచ్చింది ఆ తర్వాతే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి పుట్టినచోటే ఎందుకు అంతరించింది? వేటాడేశారా?

జవాబు 2:
వాతావరణం మారడం, మనిషి రావడం రెండూ దగ్గరదగ్గరగా జరిగాయి, అందుకే వాదన తెగడం లేదు. వేట మాత్రం నిజం. కెనడాలో, అల్బెర్టాలోని వాలీస్ బీచ్‌లో సుమారు 13,300 ఏళ్ళ కిందట గుర్రాలతో పాటు ఒక ఒంటెనూ కోసిన ఆనవాళ్ళున్నాయి. రాతి పనిముట్లు ఆ ఎముకల దగ్గరే దొరికాయి.