క్రిస్ మర్ఫీ 2022లో రాజీపడటం సరైనదేనా?

చర్చాంశం: అమెరికాలో తుపాకీ హింసను అరికట్టేందుకు కనెక్టికట్ డెమొక్రాట్ సెనేటర్ క్రిస్ మర్ఫీ ముందుండి సాధించిన 2022 చట్టం, పదేళ్ల ఆయన పోరాటానికి తగిన ఫలితమేనా?

మొదటి అభిప్రాయం: కాదు. 2012 డిసెంబరులో న్యూటౌన్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు బలైన నాటి నుంచి ఆయన కోరింది ప్రతి తుపాకీ అమ్మకానికీ నేపథ్య తనిఖీ (కొనేవారి నేరచరిత్ర వంటివి చూడటం), సైనిక తరహా రైఫిళ్లపై నిషేధం. ఆ రెండూ ఈ చట్టంలో లేవు. పునాదిని వదిలేసి గోడకు సున్నం వేసినట్టుంది.

సమాధానం: లోపాలు నిజమే, మీ ఆవేదనా న్యాయమైనదే. అయితే ఆయన ముందున్న దారులేమిటో కూడా చూడాలి. 2013 ఏప్రిల్‌లో తనిఖీలను విస్తరించే సవరణకు వంద మంది ఉండే సెనేట్‌లో 54 ఓట్లు వచ్చినా, అక్కడి పద్ధతి ప్రకారం 60 కావలసి ఉండటంతో అది వీగిపోయింది. 2016లో ఓర్లాండోలో 49 మంది హత్యకు గురయ్యాక మర్ఫీ సెనేట్‌లో దాదాపు 15 గంటలు నిలబడి మాట్లాడి తుపాకీ ప్రతిపాదనలపై ఓటింగు సాధించినా, ఒక్క ప్రతిపాదన కూడా గట్టెక్కలేదు. 2022 మే 24న ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన రోజే ఆయన సభలో లేచి "మనం ఏం చేస్తున్నాం?" అని పదేపదే అడిగారు. ఆ తర్వాత రిపబ్లికన్ సెనేటర్ జాన్ కార్నిన్ తదితరులతో చర్చలకు కూర్చుని, నెల తిరిగేలోగా 65-33 ఓట్లతో బిల్లును సెనేట్‌లో నెగ్గించారు.

ఉవాల్డే హంతకుడు 18 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే చట్టబద్ధంగా రైఫిళ్లు కొన్నాడు. ఈ చట్టం వచ్చాక, 21 ఏళ్లలోపు వ్యక్తి దుకాణంలో తుపాకీ అడిగితే బాలనేరాల, మానసిక ఆరోగ్య రికార్డులను పరిశీలించి, స్థానిక పోలీసులనూ అడిగి తెలుసుకోవాలి. అనుమానం కలిగితే ఈ తనిఖీకి ఉన్న మూడు పనిదినాల గడువు పదికి పెరుగుతుంది. మరొకరి కోసం తన పేరున తుపాకీ కొనివ్వడం ప్రత్యేక నేరమైంది. ప్రియురాలిపై దాడి చేసి శిక్షపడినవాడికి కనీసం ఐదేళ్లు తుపాకీ దక్కదు. ఆ ఐదేళ్లలో ప్రాణం నిలుపుకున్న స్త్రీకి ఇది సున్నం పూత కాదు.

మొదటి అభిప్రాయం రాసినవారు: 2023 మేలో టెక్సాస్‌లోని అలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వారిలో మన తెలుగమ్మాయి ఉంది. హంతకుడి వయసు 33. మీరు చెప్పిన వయసు నిబంధన అక్కడ ఎవరిని కాపాడింది?

సమాధానం: ఎవరినీ కాపాడలేదు. అందుకు రైఫిళ్ల నిషేధమే కావాలి, దానికోసం మర్ఫీ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కానీ 2022లో ఆ నిషేధాన్ని బిల్లులో చేర్చి ఉంటే, అనుకూలంగా ఓటేసిన 15 మంది రిపబ్లికన్లు మిగిలేవారని నేను అనుకోను. వారు లేకుండా 60 ఓట్లు లేవు.