ముక్కలు తెలిస్తే మొత్తం తెలిసినట్టేనా?

మూలసూత్రం:

వేరే చర్చలో ఒకరు "ఫైనైట్ సింపుల్ గ్రూపుల జాబితా పూర్తయ్యాక ఫైనైట్ గ్రూపుల సంగతి తేలిపోయినట్టే" అన్నారు. ఇంకొకరు "ముక్కల పేర్లు తెలిశాయి అంతే, ఒరిగిందేమీ లేదు" అని కొట్టిపారేశారు. అక్కడ తేలలేదు కాబట్టి విడిగా పెడుతున్నాను. నేను మొదటి పక్షం. (గ్రూపు అంటే స్థూలంగా, ఏ రెండు మూలకాల్ని కలిపినా అందులోదే మరొకటి వచ్చే, ప్రతి మూలకాన్నీ వెనక్కి తిప్పే మూలకం కూడా ఉండే సమూహం. ఫైనైట్ అంటే మూలకాల సంఖ్య పరిమితం.)

60ని ఎలా విడగొట్టినా చివరికి 2, 2, 3, 5 మిగులుతాయి. గ్రూపులకూ ఇలాంటిదే ఉంది. గ్రూపులో ఒక నార్మల్ సబ్‌గ్రూపు (గ్రూపుని పొందికగా విడగొట్టనిచ్చే లోపలి చిన్న గ్రూపు) దొరికితే అది ఒక ముక్క, దాన్ని పక్కన పెట్టాక మిగిలే కోషెంట్ గ్రూపు ఇంకో ముక్క. ఆ రెంటినీ మళ్ళీ అలాగే విడగొట్టుకుంటూ పోతే ఇక విడగొట్టడానికి వీల్లేని సింపుల్ గ్రూపుల దగ్గర ఆగుతాం. ఎవరు ఏ దారిన వెళ్ళినా అవే ముక్కలు, అన్నేసి సార్లే వస్తాయి. ఇదే జోర్డాన్-హోల్డర్ సిద్ధాంతం. ముక్కల సైజులు మారవని 1870 నాటికి జోర్డాన్ చెప్పాడు. సైజులే కాదు, ముక్కలే మారవని 1889లో హోల్డర్ చూపించాడు.

ఇక ఆ ముక్కలేమిటన్నది. 1963లో ఫైట్, థామ్సన్ 255 పేజీలు రాసి, మూలకాల సంఖ్య బేసి అయితే ప్రధాన సంఖ్యల సైజు ముక్కలు తప్ప మరేవీ రావని తేల్చారు. తర్వాత ఎంతోమంది కలిసి పూర్తి జాబితా కట్టారు: ప్రధాన సంఖ్యల సైక్లిక్ గ్రూపులు (ఒకే మూలకాన్ని మళ్ళీ మళ్ళీ కలిపితే మొత్తం వచ్చేవి), ఆల్టర్నేటింగ్ గ్రూపులు (వస్తువుల వరసని మార్చే విధాల్లో సగంతో వచ్చేవి), లీ తరహా కుటుంబాలు (స్థూలంగా మాత్రికల నుంచి వచ్చేవి), ఏ కుటుంబంలోనూ ఇమడని 26 గ్రూపులు. ఆ 26లో పెద్దదైన మాన్‌స్టర్‌లో మూలకాలు సుమారు 8 పక్కన 53 సున్నాలు పెట్టినన్ని. పని పూర్తయిందని 1983లో ప్రకటించారు. నిరూపణలో విడిగా చూడాల్సిన ఒక రకం, క్వాసీథిన్ గ్రూపుల దగ్గర మిగిలిన లోటుని 2004లో ఆష్‌బాకర్, స్మిత్ పూడ్చారు. ఇటుకలన్నీ లెక్కకి వచ్చాక ఇల్లు తెలియలేదంటే నేను ఒప్పుకోలేను.

అతుకులబొంత:

మూలసూత్రం గారూ, జాబితా గొప్పదనం మీద నాకూ ఏ అనుమానమూ లేదు. నా ఇబ్బంది మీ చివరి వాక్యంతోనే. ఒక చిన్న లెక్క చేద్దాం.

38, 47 కూడండి. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఐదు వేసి ఒకటి చేతిలో. మూడూ నాలుగూ ఏడు, చేతిలో ఒకటి కలిపితే ఎనిమిది. 85. ఇప్పుడు చేతిలో ఒకటిని వదిలేసి చెయ్యండి. 75 వస్తుంది. చిన్నప్పుడు ఇలా చేస్తే తప్పు కొట్టేవాళ్ళు. కానీ 00 నుంచి 99 వరకు అంకెలు పెట్టుకుని, వంద దాటితే మళ్ళీ 00కి వచ్చేలా చూసుకుంటే రెండూ చక్కటి గ్రూపులే. రెంట్లోనూ మూలకాలు వందే. రెంట్లోనూ పదుల స్థానం ఒక ముక్క, ఒకట్ల స్థానం ఇంకో ముక్క. చివరంటా విడగొడితే రెంటికీ 2, 2, 5, 5.

అయినా ఈ రెండూ ఒకటి కావు. మొదటి దాంట్లో 01ని మళ్ళీ మళ్ళీ కూడుకుంటూ పోతే వందోసారికి గానీ 00కి రాం. రెండో దాంట్లో ఏ సంఖ్యనైనా పదిసార్లు కూడితే 00కి వచ్చేస్తాం. తేడా అంతా చేతిలో ఉన్న ఆ ఒకటిలోనే ఉంది. ముక్కల జాబితాలో దానికి చోటే లేదు.

శేషం:

సింపుల్ గ్రూపుల జాబితాని రసాయన శాస్త్రంలోని పీరియాడిక్ టేబుల్‌తో పోల్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇథైల్ ఆల్కహాల్‌లో 2 కార్బన్లు, 6 హైడ్రోజన్లు, 1 ఆక్సిజన్. డైమిథైల్ ఈథర్‌లోనూ సరిగ్గా అవే. మామూలు ఉష్ణోగ్రతలో ఒకటి ద్రవం, ఇంకొకటి వాయువు. ఆ పోలిక నాకు ఇష్టమే, కానీ అది సాక్ష్యం చెప్పేది అతుకులబొంత గారి వైపే.

మూలసూత్రం:

"చేతిలో ఒకటి" చాలా బాగుంది. దాన్ని కాదనను. కానీ కొన్ని ప్రశ్నలకి అతుకులతో పనే ఉండదని మీరు మర్చిపోతున్నారు. ఈ విషయం మొదలైందే అలాంటి ప్రశ్నతో.

నాలుగో ఘాతం వరకు సమీకరణాలకి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, మూలాలు తీయడం, ఇంతవరకే వాడి సూత్రం రాయొచ్చు. ఐదో ఘాతానికి కుదరదని 1824లో ఆబెల్ నిరూపించాడు. ఎందుకు కుదరదో కళ్ళకి కట్టినట్టు చూపింది గల్వా ఆలోచన. 1832లో, ఇరవై ఏళ్ళకే చనిపోయాడు. రాతలు 1846లో గానీ అచ్చు కాలేదు. నాలుగు మూలాలని అటూ ఇటూ మార్చే 24 విధాల గ్రూపుని విడగొడితే 2, 2, 2, 3 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఐదు మూలాలకి వచ్చే 120 విధాల గ్రూపు 2గా, 60గా విడిపోయి అక్కడే ఆగిపోతుంది. ఆ 60 ఇక విడిపోదు. ముక్కలన్నీ ప్రధాన సంఖ్యలైతే సూత్రం ఉంటుంది, లేకపోతే ఉండదు. అంటే సూత్రం ఉంటుందా, ఉండదా అన్నదానికి ఈ ముక్కలు చాలు. అతుకులు ఎలా ఉన్నా జవాబు మారదు. బీజగణితం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

అతుకులబొంత:

గల్వా విషయంలో మీ మాటే నిజం. "ముక్కలు చాలే ప్రశ్నలు చాలా ఉన్నాయి" అంటే సంతోషంగా సంతకం పెడతాను. "మొత్తం తెలిసినట్టే" అంటే మాత్రం ఈ సంఖ్య చూడండి.

512 అంటే 2ని తొమ్మిదిసార్లు గుణిస్తే వచ్చేది. 512 మూలకాలున్న గ్రూపు ఏదైనా సరే, ముక్కలు తొమ్మిది 2లే. మరో రకం ముక్క రావడానికి ఆస్కారమే లేదు. మీ లెక్కన అక్కడ తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. కానీ ఆ సైజులో వేరువేరు గ్రూపులు 1,04,94,213 ఉన్నాయి. కోటికి పైగా ఇళ్ళు, అన్నీ ఒకే తొమ్మిది ఇటుకలతో కట్టినవే.

వలయం:

ఇద్దరూ గ్రూపుల దగ్గరే ఉండిపోయారు. అసలు దేన్ని విడగొట్టాలన్నది ముందు తేలాలి కదా అనిపిస్తుంది నాకు.

పూర్ణాంకాలకి √−5ని చేర్చి ఒక వలయం (కూడిక, తీసివేత, గుణకారం చేసుకోగల సమూహం) చేశామనుకోండి. అందులో 6 రెండు రకాలుగా విడిపోతుంది: 2 × 3 ఒకటి, (1+√−5) × (1−√−5) ఇంకొకటి. ఈ నాలుగింటిలో ఏదీ ఆ వలయంలో ఇంకా విడిపోదు. అంటే "ఏ దారిన వెళ్ళినా అవే ముక్కలు" అన్న నమ్మకం ఇక్కడే కూలిపోయింది. కుమ్మర్ 1840లలో దీనికి మందు వెతికాడు. 1871లో డెడెకిండ్ ఐడియల్స్‌తో దాన్ని నిలబెట్టాడు. ఐడియల్ అంటే కూడినా, వలయంలో దేనితో గుణించినా అందులోనే ఉండే సంఖ్యల గుంపు. సంఖ్యల్ని వదిలేసి ఐడియల్స్‌ని విడగొట్టమన్నాడు. అప్పుడు 2 అనేది ఒక ప్రైమ్ ఐడియల్‌ని (ఇక విడిపోనిదాన్ని) దానితోనే గుణిస్తే వచ్చేది అవుతుంది, ఆ ప్రైమ్ ఐడియల్‌ని "ప" అందాం. 3 రెండు వేరే ప్రైమ్ ఐడియల్స్ లబ్ధం, "క", "గ" అందాం. 6 అంటే ప, ప, క, గ. వాటిని పప, కగ అని జతకడితే 2 × 3. పక, పగ అని జతకడితే రెండో రకం. ముక్కలు మొదటి నుంచీ ఒకటే, మనం చూస్తున్నవి సగం కట్టిన జతలు.

నాకు ఇందులో కనిపించేది ఒక్కటే: ముక్కలు సరిగా రాకపోతే తప్పు మనం పట్టుకున్న వస్తువుది కావచ్చు. అతుకుల గొడవ అసలు లేని లోకాలూ ఉన్నాయి. ఫైనైట్ గ్రూపుని సంకీర్ణ సంఖ్యల మాత్రికలుగా చూపిస్తే ప్రతిదీ ఏ అతుకూ లేకుండా నేరుగా ముక్కల మొత్తంగా విడిపోతుంది. 1890ల చివర్లో మాష్కే నిరూపించిన సంగతి ఇది. మరి అతుకులబొంత గారి 512ని కూడా అక్కడికి తీసుకెళ్ళి చూడొచ్చు కదా?

అతుకులబొంత:

512 దాకా అక్కర్లేదండీ, 8 దగ్గరే చూద్దాం. చతురస్రాన్ని తిప్పే, తిరగేసే 8 విధాల గ్రూపు ఒకటి. క్వాటర్నియన్ల (సంకీర్ణ సంఖ్యల్ని విస్తరిస్తే వచ్చే సంఖ్యల) 8 మూలకాల గ్రూపు ఇంకొకటి. మీరు చెప్పిన పద్ధతిలో రెండూ ఒకేలా విడిపోతాయి: ఒక్క కొలత (డైమెన్షన్) ఉన్నవి నాలుగు ముక్కలు, రెండు కొలతలది ఒకటి. ఆ ముక్కల లక్షణాల్ని సంఖ్యల్లో చూపే పట్టిక, క్యారెక్టర్ టేబుల్ కూడా గీతకి గీత ఒకటే. అయినా రెండూ ఒకటి కావు. రెండుసార్లు చేస్తే మొదటికి వచ్చే మూలకాలు మొదటి దాంట్లో ఐదు, రెండో దాంట్లో ఒకటే.

అనంతం:

ఫైనైట్ దాటి ఒక్క అడుగు వెయ్యండి. పూర్ణాంకాల్లో సరి సంఖ్యలు, వాటిలో 4 గుణిజాలు, వాటిలో 8 గుణిజాలు... ఎంత దిగినా అడుగు తగలదు. చివరి ముక్క అనేదే లేదు. ఇంకా ఇబ్బంది పెట్టేది 1961లో కార్నర్ చూపించిన ఉదాహరణ. ర్యాంక్ (స్థూలంగా, ఎన్ని స్వతంత్ర దిక్కులున్నాయో ఆ సంఖ్య) 4 ఉన్న ఒకే అబీలియన్ గ్రూపు (ఏ క్రమంలో కలిపినా ఒకటే వచ్చేది) 1, 3 ర్యాంకుల ముక్కలుగానూ విడిపోతుంది, 2, 2 ర్యాంకుల ముక్కలుగానూ విడిపోతుంది. ఏ ముక్కా ఇంకా విడిపోదు. ముక్కలే నిలకడగా లేనప్పుడు ఇటుకల పోలిక మొత్తానికే వదిలేయాలి.

మూలసూత్రం:

అనంతం గారూ, మొత్తానికే అంటే ఒప్పుకోను. అక్కడ పనిచేయలేదని ఇక్కడ పనిచేస్తున్నదాన్ని పారేయలేం కదా. ఫైనైట్ గ్రూపుల గురించి "ప్రతి గ్రూపులోనూ ఇలా జరుగుతుంది" అని నిరూపించాల్సి వస్తే ముందు ప్రశ్నని సింపుల్ గ్రూపుల దగ్గరికి దించి, జాబితా తీసి ఒక్కొక్కటీ చూడటం ఇప్పటికీ నడుస్తున్న పద్ధతి. ఏ ఫైనైట్ సింపుల్ గ్రూపునైనా రెండే మూలకాలతో పుట్టించొచ్చన్నది అలాగే తేలింది.

గేటు:

నేను కంప్యూటర్ల వైపు మనిషిని. మీ "చేతిలో ఒకటి" చూసి ఆగలేక రాస్తున్నాను. అందులో ఒకట్ల స్థానం పదుల స్థానానికి కబురు పంపుతుంది, పదుల స్థానం ఒకట్లకి ఎప్పుడూ పంపదు. కబురు ఒకే దిక్కుకి. 1965లో క్రోన్, రోడ్స్ చెప్పింది దీని విస్తరణే. స్థితుల సంఖ్య పరిమితంగా ఉన్న ఏ యంత్రాన్నయినా సింపుల్ గ్రూపుల యంత్రాలు, ఒక బిట్‌ని గుర్తుపెట్టుకునే ఫ్లిప్-ఫ్లాప్‌లు, వీటిని ఒకదాని కింద ఒకటి పేర్చి నడిపించొచ్చు. పైది కిందికి చెబుతుంది, కింది నుంచి పైకి ఏమీ రాదు. అతుకు అంటే ఏదో జిగురు అనుకోకండి, అది ఏ అరకి ఏ సంకేతం వెళ్ళాలో చెప్పే వైరింగ్.

కొత్తవిద్యార్థి:

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. రెండు ముక్కలిస్తే ఎన్ని రకాలుగా అతకొచ్చో లెక్కపెట్టే పద్ధతి ఏదైనా ఉందాండీ? లేక ప్రతిసారీ వెతుక్కోవడమేనా?

అతుకులబొంత:

ఉందండీ. 1926లో ష్రైయర్ దారి వేశాడు. రెండు సంగతులు తేల్చుకోవాలి. లోపలి ముక్క అంటే నార్మల్ సబ్‌గ్రూపు, పై ముక్క అంటే కోషెంట్. ఒకటి మెలిక: పై ముక్క లోపలి ముక్కని కదలకుండా ఉంచుతుందా, తిరగేస్తుందా? రెండోది చేతిలో మిగిలేది: పై ముక్కలో ఒక చుట్టు పూర్తయినప్పుడు లోపలి ముక్కలోకి ఎంత జారుతుంది? మొదట 2, 2 అతికి చూడండి. తర్వాత లోపల 3, పైన 2.

కొత్తవిద్యార్థి:

చేశానండీ. 2, 2కి మెలిక వేయడానికి వీల్లేదు. చేతిలో 0 మిగిలితే ఒక గ్రూపు, 1 మిగిలితే 4 మూలకాల సైక్లిక్ గ్రూపు. లోపల 3, పైన 2 పెడితే మెలిక లేకపోతే 6 మూలకాల సైక్లిక్ గ్రూపు, మెలిక వేస్తే త్రిభుజాన్ని తిప్పే, తిరగేసే గ్రూపు. అక్కడ చేతిలో ఏది పెట్టినా కొత్త గ్రూపు రాలేదు.

ఉత్సాహం ఆగక 8 కూడా మొదలుపెట్టాను. లోపల 4 సైక్లిక్ గ్రూపు, పైన 2. మెలిక లేకుండా, చేతిలో 0 ఉంటే ఒకటి, 1 ఉంటే 8 సైక్లిక్. చేతిలో 2, 3 పెట్టినా మళ్ళీ అవే వచ్చాయి. మెలిక వేసి చేతిలో 0 పెడితే చతురస్రం గ్రూపు. మెలికతో చేతిలో 1 పెడితే లెక్క కుదరడం లేదు, ఎక్కడో తప్పు చేస్తున్నానని టెన్షన్‌గా ఉంది. మొత్తం ఐదు రావాలని పుస్తకంలో ఉంది. 2లే మూడు విడివిడిగా ఉన్నదాన్ని కలుపుకున్నా నాకు నాలుగే ఉన్నాయి.

మూలసూత్రం:

తప్పేమీ లేదు బాబూ, అది కుదరకూడదు. తిరగేసే మూలకాన్ని రెండుసార్లు చేస్తే 1 వచ్చిందనుకో. ఏ మూలకమైనా తన వర్గాన్ని కదపదు. కానీ ఇది 1ని తిరగేసి 3 చెయ్యాలి. 1, 3 ఒకటి కావు కదా. తిరగేసినా మారకుండా ఉండేవి 0, 2 మాత్రమే. 0 నువ్వు చేసేశావు. ఇప్పుడు మెలిక అలాగే ఉంచి చేతిలో 2 పెట్టు.

కొత్తవిద్యార్థి:

వచ్చిందండీ! రెండుసార్లు చేస్తే మొదటికి వచ్చేది ఒక్కటే ఉంది, ఆ 2. మిగతా ఆరూ నాలుగోసారికి గానీ రావడం లేదు. పైన అతుకులబొంత గారు చెప్పిన క్వాటర్నియన్ల గ్రూపు ఇదే కదా?

మూలసూత్రం:

అదే. చతురస్రం గ్రూపుకీ దీనికీ లోపల 4 ఒకటే, పైన 2 ఒకటే, మెలిక కూడా ఒకటే. అతుకులబొంత గారూ, చేతిలో 0కి బదులు 2 పెట్టినందుకే ఇంత తేడా వచ్చింది. నా మొదటి పోస్టులో ఇల్లు గురించి రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.